శాశ్వత ఫైలు, ఏడాది ఫైలు: ఉస్మానియా చరిత్రలో మన కాయితాలెక్కడ?

ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్ర చెప్పమని ఎవర్నడిగినా కథ ఒకే దారిలో నడుస్తుంది. 1917 ఏప్రిల్ 26న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా. 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర తొలి క్లాసులు. దేశభాషలో, ఉర్దూలో, పై చదువులు చెప్పిన యూనివర్సిటీ అన్న పేరు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం. నడుమ 1938లో వందేమాతరం. ఆ తర్వాత 1948, ఇంగ్లీషు మీడియం. ఆపైన 1969, తెలంగాణ. 2017 ఏప్రిల్‌లో శతాబ్ది ఉత్సవాలకు రాష్ట్రపతి వచ్చారు. అప్పుడూ ఇదే వరస వినిపించింది.

ఇందులో తప్పుల్లేవు. తేదీలన్నీ సరైనవే. కానీ ఈ కథలో మనం ఎప్పుడొచ్చాం? ఏ పేరుతో వచ్చాం? ఏ గేటునుంచి వచ్చాం? దీనికి మామూలుగా వచ్చే జవాబు: 'దానికి రికార్డు లేదండీ.' ఈ జవాబు చెప్పేవాళ్లందరూ చెడ్డవాళ్లేమీ కాదు. నిజంగానే వెతికి దొరక్క చెప్పినవాళ్లూ ఉన్నారు. కానీ రికార్డు లేకపోవడం వర్షం పడకపోవడం లాంటిది కాదు. అది ఎవరో ఒకరు కలం పట్టుకుని చేసిన పని. ఏ కాయితం ఉంచాలి, ఏది రద్దీకి వెయ్యాలి అని ప్రతి ఆఫీసులోనూ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కలో కులం ఉంది. ఇక్కడ మేం చెప్పదలుచుకున్నది ఇదే.

ఆఫీసులో పనిచేసినవాళ్లకి తెలుసు, ముగిసిన ప్రతి ఫైలుకీ ఒక ఆయుష్షు రాస్తారు. కొన్ని శాశ్వతం. కొన్ని పదేళ్లు. కొన్ని ఏడాదికే తగలబెట్టొచ్చు. యూనివర్సిటీలోనూ అంతే. సెనేట్, సిండికేట్ మినిట్స్ శాశ్వతం. స్నాతకోత్సవ ప్రసంగాలు అచ్చయి బైండు అవుతాయి. డిగ్రీ పొందినవాళ్ల పట్టిక శాశ్వతం. మరి స్కాలర్‌షిప్ మంజూరు కాయితం? హాస్టల్ సీటు దరఖాస్తు? మెస్ బకాయి నోటీసు? వార్డెన్‌కు రాసుకున్న ఫిర్యాదు? దినకూలీ స్వీపర్ల హాజరు పట్టీ? ఆడిట్ అయిపోయిందంటే వీటి పని అయిపోయినట్టే. ఇప్పుడు ఈ రెండు కుప్పల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. శాశ్వతంగా ఉండే కాయితాల్లో మాట్లాడినవాళ్లెవరు? ఏడాదికి కాలిపోయే కాయితాల్లో వేలిముద్ర వేసినవాళ్లెవరు? యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం దళిత విద్యార్థి సెనేట్‌లో ప్రసంగించలేదు. అతను స్కాలర్‌షిప్ రాలేదని అర్జీ పెట్టుకున్నాడు. అతని చరిత్రంతా ఆ అర్జీలోనే ఉంది. ఆ అర్జీయే మొదట పోయింది.

ఇక మిగిలిన వాటిల్లో వెతుకుదామంటే ఏ పేరుతో వెతకాలి? 1917నే తీసుకుందాం. ఏప్రిల్‌లో ఫర్మానా వచ్చిన ఆ ఏడాదే, నవంబరులో, బెజవాడలో పంచమ సభ జరిగింది. హైదరాబాదునుంచి వెళ్లి ఆ సభకు అధ్యక్షత వహించినవాడు భాగ్యరెడ్డి వర్మ. 'పంచములం కాం, ఈ నేలకు మొదటివాళ్లం' అని అక్కడ తేల్చి చెప్పారు, ఆది ఆంధ్ర అన్న పేరు నిలబెట్టారు. నిజాం రాష్ట్రంలో అదే ఆది హిందూ ఉద్యమం. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు నమోదు చేయించుకునేదాకా వాళ్లు ఊరుకోలేదు. అంతకుముందు ఉర్దూ సర్కారీ కాయితాల్లో మనం 'పస్త్ అఖ్వామ్', అంటే అడుగు జాతులం. ఇంగ్లీషు కాయితాల్లో డిప్రెస్డ్ క్లాసులం. కాంగ్రెస్‌వాళ్ల కాయితాల్లో హరిజనులం. 1950 తర్వాత షెడ్యూల్డ్ కులం. ఇవాళ కేటలాగు ముందు కూర్చుని 'దళిత' అని వెతికితే ఏం దొరుకుతుంది? ఒక్క మనిషి అయిదు రిజిస్టర్లలో అయిదు పేర్లతో ఉన్నాడు. అందులో తనకుతాను పెట్టుకున్న పేరు ఒకటో రెండో. కేటలాగు రాసినవాడు ఈ పేర్లను కలపలేదు. అది కూడా ఒక నిర్ణయమే.

పేరు దొరికిందే అనుకుందాం. లిపి? తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ భవనం, ఉస్మానియా క్యాంపస్ పక్కపక్కనే ఉన్నాయి. హాస్టల్‌నుంచి నడిచి వెళ్లొచ్చు. అయినా ఆ నడక తెలుగు మీడియంలో చదివి వచ్చిన దళిత పరిశోధకుడికి చాలా దూరం. నిజాం కాలపు కాయితాలు ఉర్దూలో, కొన్ని ఫారసీలో, గుమాస్తాల గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. విశ్వవిద్యాలయం మొదటి ముప్పై ఏళ్లూ ఉర్దూలోనే నడిచింది. 1948 తర్వాత ఒక్కసారిగా ఇంగ్లీషుకు మారింది. కాబట్టి ముందరి ముప్పై ఏళ్ల తలుపుకి ఒక తాళం, తర్వాతి ఏళ్ల తలుపుకి ఇంకో తాళం. వాడలో పుట్టి సోషల్ వెల్ఫేర్ హాస్టల్‌లో పెరిగినవాడి చేతిలో ఈ రెండు తాళంచెవులూ లేవు. పరిశోధనలో చేరాక ఇంగ్లీషు ఎలాగో తంటాలు పడి నేర్చుకుంటాడు. ఉర్దూ నేర్పేవాళ్లేరి? చరిత్రశాఖలో చేరే దళిత విద్యార్థికి ఏడాదిపాటు ఉర్దూ లిపి నేర్పించడం పెద్ద ఖర్చు పనేం కాదు. దాన్ని ఎవరూ అడగడం లేదు, మనతో సహా.

ఉర్దూ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. తెలుగు చరిత్రకారులు ఉస్మానియా ఉర్దూ మీడియాన్ని తెలుగువాడి మీద దౌర్జన్యంగా రాస్తారు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లే ఎక్కువమంది ఉన్న రాజ్యంలో ఉర్దూలో చదువు చెప్పడం అన్యాయమే. కానీ ఆ తెలుగు బడి మాత్రం మాల మాదిగలకు ఎప్పుడు తెరిచారు? భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదు బస్తీల్లో బడులు పెట్టాల్సి వచ్చిందంటే, ఉన్న బడుల్లో చోటు లేకనే కదా. తెలుగులో చదువు చెప్పిన ఆ బడులు ఇరవైకి పైగా పెరిగాక, 1930ల నడుమ సర్కారు తన చేతిలోకి తీసుకుంది. ఆ బడిలో నాలుగు తరగతులు తెలుగులో చదివిన పిల్లవాడు పైకి వెళ్లాలంటే ఉర్దూ గోడ. తెలుగు బడికి వెళ్తే కులం గోడ. మొదటి గోడ గురించి సంపుటాలున్నాయి. రెండోది చరిత్రలో ఫుట్‌నోట్ కూడా కాలేదు.

ఆ గోడలు దాటినవాళ్లు లేకపోలేదు. బి. శ్యాంసుందర్ ఔరంగాబాదునుంచి వచ్చి ఉస్మానియాలోనే చదివాడు. ఉర్దూలో గొప్ప వక్త. 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు వెళ్లిన హైదరాబాదు ప్రతినిధుల్లో ఒకడు. బి.ఎస్. వెంకట్రావు నిజాం చివరి మంత్రివర్గంలో విద్యామంత్రి. అణగారిన కులాల పిల్లల చదువుకోసం కోటి రూపాయల నిధి మంజూరు చేయించాడు. ఆ రోజుల్లో కోటి. ఒక దళితుడు రాజ్యానికే విద్యామంత్రి అయిన సంగతి ఇప్పటి విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? ఎందుకు తెలీదంటే, 1948 తర్వాత రాసిన చరిత్రలో ఈ ఇద్దరి మీదా ఒకే ముద్ర వేశారు: రజాకార్ల మనుషులు. ఆ ముద్రతో వాళ్ల విద్యా కృషి కూడా బీరువాలోకి వెళ్లిపోయింది.

ఈ ముద్రని మేం తేలిగ్గా కొట్టెయ్యడం లేదు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌తో, నిజాంతో కలవొద్దని 1947లో అంబేద్కరే హైదరాబాదు షెడ్యూల్డ్ కులాలకు బహిరంగంగా చెప్పాడు. వాళ్ల రాజకీయం తప్పా ఒప్పా అన్నది మనం తేల్చుకోవాల్సిన చర్చ. చర్చకైనా కాయితాలు కావాలి కదా. కోటి రూపాయల నిధి ఫైలు ఎవరి చేతులు మారింది, ఎంత ఖర్చయింది, ఎందరు చదువుకున్నారు అన్నది తెలిస్తేనే ఆ రాజకీయం బరువెంతో తెలుస్తుంది. కాయితం చూడకుండా పొగిడే మనవాళ్లూ, కాయితం చూడకుండా తిట్టే వాళ్లూ ఒక్క పనే చేస్తున్నారు.

ఈ విషయంలో దారి చూపినవాడు పి.ఆర్. వెంకటస్వామి. ఆయన తన కళ్లముందు జరిగిన హైదరాబాదు దళిత ఉద్యమాన్ని ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాసి 1955లో సికింద్రాబాదులో అచ్చు వేయించాడు, 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అని. ఎవరు ఏ సభలో ఏమన్నారు, ఎవరెవరు కొట్లాడుకున్నారు, చీలికలు ఎందుకొచ్చాయి, అన్నీ రాశాడు. తనకు నచ్చనివాళ్ల మీద కోపం దాచుకోలేదు, అందుకే అది మరీ విలువైనది. విశ్వవిద్యాలయం చెయ్యని పనిని ఉద్యమ కార్యకర్త చేశాడు. అయితే దీంతో ఒక ప్రమాదమూ ఉంది. ఇవాళ మనలో చాలామంది ఆ పుస్తకం దగ్గరే ఆగిపోతున్నారు. ఆయన చెప్పినదాన్ని సర్కారీ ఫైలుతో పోల్చి చూసే పని మిగిలే ఉంది.

ఇక 1938. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా హాస్టళ్లనుంచి, కాలేజీలనుంచి విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. వాళ్లను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అందులో ఒకరు తర్వాత దేశానికి ప్రధాని అయ్యారు. ఈ ఘట్టం మీద పుస్తకాలున్నాయి, జ్ఞాపకాలున్నాయి, స్వాతంత్ర్య సమరయోధుల పింఛన్ల చర్చలున్నాయి. ఆ నిరసన విలువ తగ్గించడం మా ఉద్దేశం కాదు. ఒక్కటే అడుగుతున్నాం: ఆ బహిష్కరణ చరిత్ర ఎలా అయ్యింది? వెళ్లగొట్టబడ్డవాళ్ల వెనక చదువుకున్న కుటుంబాలున్నాయి, పత్రికలున్నాయి, ఆర్యసమాజం, స్టేట్ కాంగ్రెస్ ఉన్నాయి, పక్క రాష్ట్రంలో తలుపు తీసే యూనివర్సిటీ ఉంది. అందుకే క్రమశిక్షణ ఉత్తర్వు కాస్తా పోరాట పత్రం అయ్యింది.

ఇదే ఊళ్లో ఇంకో బహిష్కరణని దాని పక్కన పెట్టి చూద్దాం. 1974లో పుట్టిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 2002 జనవరిలో పదిమంది దళిత విద్యార్థుల్ని బయటికి పంపింది. 2015 డిసెంబరులో అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టల్‌నుంచి వెలి వేసింది. వాళ్లు పూలే, సావిత్రిబాయి, అంబేద్కర్ బొమ్మల ఫ్లెక్సీలు నాలుగు వైపులా కట్టి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టి అందులో పడుకున్నారు. 2016 జనవరి 17న వాళ్లలో ఒకడు, రోహిత్ వేముల, మనకు లేకుండా పోయాడు. ఆ తర్వాత రాజ్యం వెతికిన రికార్డు ఏది? అతన్ని వెలి వేసిన ఉత్తర్వు ఎవరు తయారు చేశారన్నది కాదు. అతని కులం సర్టిఫికెట్. కేంద్రం వేసిన రూపన్వాల్ కమిషన్ అతను షెడ్యూల్డ్ కులం కాదంది. 2024 మేలో పోలీసుల మూసివేత నివేదికా అదే అంది. తల్లి అభ్యంతరం చెప్పాక, మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. బతికున్నప్పుడు కులం పేరుతో వెలి వేసినదానికి రికార్డు చాలదట. చచ్చాక కులం తీసెయ్యడానికి మాత్రం రికార్డు సరిపోయిందట. 1938 వాళ్లకి నాగపూరు దొరికింది. వీళ్లకి ఏ నాగపూరూ దొరకలేదు. (నాగపూరు మనకి వేరే కారణంతో గుర్తుండే ఊరు. అది 1956 అక్టోబరు సంగతి.)

ఆర్ట్స్ కాలేజీ భవనం గురించి ఎక్కువ చెప్పం. బెల్జియం శిల్పి జాస్పర్ పేరూ, దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసిరమ్మని పంపిన జైన్‌యార్ జంగ్, సయ్యద్ అలీ రజాల ప్రయాణాలూ ప్రతి పుస్తకంలో ఉంటాయి. రాయి కొట్టినవాళ్ల, తట్ట మోసిన ఆడవాళ్ల కూలి ఎంతో మేం చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పబ్లిక్ వర్క్స్ లెక్కల్లో ఎక్కడైనా ఉండొచ్చు. వెతకాల్సిందే.

అంబేద్కర్‌కి ఉస్మానియా 1953 జనవరి 12న గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఈ సంగతి మాత్రం ప్రతి ఏప్రిల్ 14కీ గుర్తు చేసుకుంటారు, మనం కూడా గర్వంగా చెప్పుకుంటాం. శాశ్వత ఫైల్లో మనకున్న ఒకే ఒక్క ఫొటో అది. కానీ ఆ ఏడాది ఆ క్యాంపస్‌లో ఎందరు షెడ్యూల్డ్ కులాల విద్యార్థులున్నారు, ఎందరు చదువు మధ్యలో మానేశారు, పాఠం చెప్పేవాళ్లలో ఎవరన్నా ఉన్నారా? అంబేద్కర్ అయితే సన్మానపత్రం కన్నా ముందు ఈ లెక్క అడిగి ఉండేవాడు. అంకెలు లేకుండా మాట్లాడే మనిషి కాదాయన.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో (పేరు అక్కర్లేదు, ఎక్కడైనా ఇంతే) పాత స్కాలర్‌షిప్ రిజిస్టర్లు చూపించమని అడిగాం. సెక్షన్ గుమాస్తా మంచివాడే. మెట్ల కింద గదికి తీసుకెళ్లాడు. విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల మూటలు, వాటి కింద చెదలు పట్టిన రిజిస్టర్లు. చేత్తో ఎత్తితే పేజీలు మట్టిలా రాలాయి. 'ఇవెందుకు సార్, మినిట్స్ పుస్తకాలు పైన ఏసీ గదిలో ఉన్నాయి, అన్నీ స్కాన్ చేస్తున్నారు' అన్నాడు. అతని మాటలో వెటకారం లేదు. ఏది చరిత్రో ఆఫీసు అతనికి అలాగే నేర్పింది. ఇవాళ డిజిటలైజేషన్ అని అందరూ సంబరపడుతున్నారు. ఏ కాయితం స్కాన్‌కి వెళ్తోంది, ఏది మెట్ల కింద ఉండిపోతోంది అని ఎవరు చూస్తున్నారు? పాత వివక్షకి కొత్త యంత్రం దొరికిందంతే. మేం రాలని పేజీలు కొన్ని చూశాం. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం అన్న గడిలో ఒకే మాట: ఎస్సీ.

ఆ 'ఎస్సీ' అన్న ఒక్క మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే ఇవాళ మన మధ్య నడుస్తున్న పెద్ద తగవు అంతా దాని చుట్టూనే ఉంది. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు మాదిగలు అడిగింది ఈ మాట లోపల ఎవరెంత తిన్నారో లెక్క తియ్యమని. 1997లో ఏబీసీడీ వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో మూడు గ్రూపుల చట్టం అమల్లోకి వచ్చింది. ఈ ముప్పై ఏళ్లలో రెండు వైపులా అంకెలు విసురుకున్నారు. విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్ల, ఉద్యోగం పొందినవాళ్ల ఉపకులం వారీ పాత లెక్క ఉంటే ఆ తగవులో సగం మాటలు అక్కర్లేకపోయేవి. మాల మాదిగల మధ్యే కాదు, అసలు క్యాంపస్ మొహం చూడని డక్కలి, బుడగజంగం, మెహతర్ పిల్లల సంగతి కూడా అప్పుడే తేలేది. రిజిస్టర్లో ఒక గడి తగ్గించి రాసిన ఫలితాన్ని మనలో మనం కొట్టుకుని అనుభవించాం.

అన్నిటికన్నా ముఖ్యమైన రిజిస్టరు ఇంకొకటుంది, రోస్టర్ రిజిస్టరు. ఏ పోస్టు ఏ పాయింటు మీద ఎవరికి పోయిందో రాసే పుస్తకం. 1996 నాటి రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో వంద పాయింట్లకి పదిహేను ఎస్సీలవి. రెండోది ఎస్సీ మహిళది, ఏడోది ఎస్సీది. పై నిబంధన ఎంత బాగున్నా, ఏది యూనిట్ అన్న దగ్గర మోసం జరుగుతుంది. 2018లో యూజీసీ డిపార్ట్‌మెంటునే యూనిట్‌గా పెట్టుకోమంది. పదమూడు పాయింట్ల రోస్టర్లో ఎస్సీకి వచ్చేది ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగోది. ఆరు పోస్టులున్న డిపార్ట్‌మెంటులో మొదటి నియామకాల్లో ఎస్సీకి కేటాయించిన పోస్టే ఉండదు. దేశమంతా గొడవైతే 2019లో కేంద్ర విద్యాసంస్థలకు చట్టం తెచ్చి విశ్వవిద్యాలయాన్నే యూనిట్ చేశారు. ఈ లెక్క ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకి తెలుసు, రిజిస్ట్రారుకి తెలుసు. అర్జీ పెట్టుకున్న పీహెచ్‌డీ దళితుడికే తెలీదు. అందుకే ఆ పుస్తకం ఎవరి కంటా పడదు. ఉస్మానియా అయినా, ఆంధ్రా అయినా, కాకతీయ అయినా, నూరేళ్ల చరిత్ర అని మూడు సంపుటాలు వెయ్యొచ్చు. రోస్టర్ రిజిస్టరు పక్కన పెట్టి చదవకపోతే అది భవనాల చరిత్రే అవుతుంది.

మనవాళ్లలో ఒక మాట వినిపిస్తుంటుంది: 'ఆర్కైవ్ బాపనోడిది, మనకి పాట ఉంది, నోటి మాట ఉంది, ఆత్మకథ ఉంది, చాలు.' ఈ మాటలో కోపం న్యాయమైనదే. కానీ దీన్ని ఒప్పుకుంటే కాయితాన్ని పూర్తిగా వాళ్లకి వదిలేసినట్టు. కోర్టులో, కమిషన్ ముందు, సెలక్షన్ కమిటీలో పాట చెల్లదు. పైగా ఆ కాయితం మనది కూడా. అర్జీ మనం రాశాం, వేలిముద్ర మనం వేశాం.

చట్టం మన వైపు కొంత ఉంది. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం కేంద్రం ఆఫీసులకే గానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు తగలదు. కానీ 2005 సమాచార హక్కు చట్టం తగులుతుంది. రికార్డులన్నిటికీ కేటలాగు, సూచిక ఉండాలని నాలుగో సెక్షన్ అంటుంది. ఇరవై ఏళ్లు దాటిన విషయాన్ని చాలా మినహాయింపుల చాటున దాచడానికి వీల్లేదని ఎనిమిదో సెక్షన్ మూడో భాగం అంటుంది. ఈ సంచిక చదివే ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఒక్కో విశ్వవిద్యాలయం తీసుకుని మూడే అడగండి: 2000కి ముందరి రోస్టర్ రిజిస్టర్లు, స్కాలర్‌షిప్ రిజిస్టర్లు, అవి లేకపోతే వాటిని నాశనం చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు కాపీ. మూడోది మరిచిపోవద్దు. తగలబెట్టడానికి కూడా ఎవరో ఒకరు సంతకం పెట్టి ఉండాలి.

మేం ఒకచోట మొదలుపెట్టాం. దరఖాస్తుతోపాటు కట్టిన పది రూపాయల రశీదు మా దగ్గర భద్రంగా ఉంది.